పాత టేబుల్ సా కొనేముందు చూడవలసినవి

న్యూజెర్సీలో మా ఇంటి గ్యారేజీలో కొన్నేళ్లుగా చెక్కపని చేసుకుంటున్నాను. చేతి రంపం, సర్క్యులర్ సా, చిత్రిక, ఉలులతోనే పుస్తకాల అరలు, పీటలు, చిన్న బల్లలు చేశాను గానీ, ఒకే వెడల్పున పది బద్దలు కావలసి వచ్చినప్పుడల్లా పని నత్తనడక నడిచేది. బల్ల మధ్య సందులోంచి గుండ్రని రంపపు బ్లేడు పైకి పొడుచుకువచ్చి తిరిగే యంత్రమే టేబుల్ సా. వెంట్రుకవాసి తేడా లేకుండా బద్ద తర్వాత బద్ద నిలువుగా కోసి ఇవ్వడంలో టేబుల్ సాకు సాటి వచ్చే యంత్రం ఇంటి వర్క్‌షాపులో మరొకటి లేదు. ఈమధ్య ఒకటి కొన్నాను. అది రాక్‌వెల్ పేరుతో వచ్చిన 1970ల నాటి, 10 అంగుళాల బ్లేడు పట్టే కాంట్రాక్టర్ సా. ధర 250 డాలర్లు. ఇక్కడ ఇల్లు కొనుక్కుని గ్యారేజీలో పనిముట్లు సమకూర్చుకుంటున్న మనవాళ్లు చాలామంది పాతది కొనవచ్చా అని అడుగుతున్నారు గనుక, దాన్ని ఎలా పరీక్షించి కొన్నానో వివరంగా రాస్తున్నాను.

ఇళ్లలో వాడే టేబుల్ సాలు స్థూలంగా మూడు రకాలు. బల్లమీద పెట్టుకుని వాడే చిన్నవి తేలికైన అల్యూమినియం పలకతో, బ్రష్షులున్న మోటారుతో వస్తాయి; వాటి రొద భరించడం కష్టం. కాంట్రాక్టర్ సా అనేదానికి పోత ఇనుప బల్ల ఉంటుంది, మోటారు వెనకవైపు బయటికి వేలాడుతూ ఉంటుంది, బరువు రెండు వందల పౌన్లు దాటుతుంది. మూడవది క్యాబినెట్ సా. దీని మోటారు లోపలే ఉంటుంది, శక్తి సాధారణంగా 3 హార్స్ పవర్, బరువు నాలుగు వందల పౌన్లకు పైమాటే. డెల్టా సంస్థ 1939లో తెచ్చిన యూనిసా ఈ మూడవ రకానికి ఒరవడి పెట్టింది. మిల్వాకీలో 1919లో మొదలైన డెల్టాను 1945లో రాక్‌వెల్ కొన్నది కాబట్టి, కొన్ని దశాబ్దాల యంత్రాల మీద ఒకచోట డెల్టా అనీ మరోచోట రాక్‌వెల్ అనీ కనిపించినా పుట్టిల్లు ఒకటే. వీటి పాత మాన్యువళ్లు చాలావరకు వింటేజ్ మెషినరీ అనే సైటులో ఉచితంగా దొరుకుతాయి. యంత్రాన్ని చూడడానికి వెళ్లేముందే మాన్యువల్ చదివి భాగాల పటాన్ని ఫోనులో పెట్టుకోవడం ఎంతో ఉపయోగం.

నేను పాతదాని వైపు మొగ్గడానికి కారణం పోత ఇనుము. నా దగ్గరున్న సొమ్ముకు కొత్తవాటిలో వచ్చేది అల్యూమినియం పలక, బ్రష్షుల మోటారు మాత్రమే. అదే సొమ్ముకు పాతవాటిలో బరువైన ఇనుప బల్ల, బ్రష్షులు లేని ఇండక్షన్ మోటారు వస్తాయి. బరువు ఉన్న బల్ల కంపనాన్ని తనలోనే అణచుకుంటుంది. ఎనిమిది అడుగుల పలకను నెట్టినా యంత్రం జరగదు. ఇండక్షన్ మోటారులో అరిగిపోయే భాగాలంటూ చెప్పుకోదగ్గవి బేరింగులే. ఈ రెండూ బాగుంటే, యాభై ఏళ్ల వయసు యంత్రానికి లోటు కాదని నా నమ్మకం.

పాత యంత్రం ముందు నిలబడినప్పుడు కంటికి కనిపించే లోపాలు, కనిపించని లోపాలు అని విడదీయడం కన్నా, బాగుచేయగలిగినవి, చేయలేనివి అని విడదీసుకోవడం మేలు. తుప్పు, ఎండిపోయిన బెల్టు, కీచుమనే బేరింగు, పగిలిన స్విచ్చు, మొద్దుబారిన బ్లేడు ఇవన్నీ చూడగానే భయపెడతాయి గానీ, కొద్దిపాటి ఖర్చుతో ఒక వారాంతంలో సరిచేయగలిగినవి. చీలిక పట్టిన పోత భాగాలు, వంగిన ఇరుసు (బ్లేడును బిగించి తిప్పే కడ్డీ), మెలితిరిగిన బల్ల మాత్రం అలా కావు. తుప్పు వల్ల అందం పోయిన యంత్రం చవగ్గా దొరుకుతుంది. మెరుగుపెట్టి రంగు వేసిన యంత్రం లోపల బ్లేడును మోసే పోత భాగం, అంటే ట్రనియన్, విరిగి ఉండవచ్చు. అందుకే నేను పైమెరుపును చూసి ధర లెక్కగట్టను.

ఈ సాను పెన్సిల్వేనియాలో ఒక పెద్దాయన ఇంటి బేస్‌మెంటులో చూశాను. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేకపోతున్నానని, వాడనిదాన్ని ఉంచుకోవడం ఇష్టం లేదని ఆయన చెప్పారు. వెంట ఒక ఉక్కు బద్ద, ఫీలర్ గేజీ, అయస్కాంతపు పీఠమున్న డయల్ గేజీ, టార్చి, రెంచీలు తీసుకువెళ్లాను. ముందుగా అడిగి ప్లగ్గు తీసి, తీసిన ప్లగ్గును నా కళ్లెదుటే ఉండేలా బల్లమీద పెట్టుకున్నాను. టేబుల్ సా దగ్గర ఇది ఎప్పటికీ మారకూడని అలవాటు.

బల్లను పరీక్షించడం సులభమే. నిటారుగా ఉందని నమ్మకమున్న ఉక్కు బద్దను నిలువున, అడ్డంగా, రెండు మూలలకూ ఐమూలగా నిలబెట్టి, వెనక టార్చి వేసి, వెలుతురు సందులోంచి ఎక్కడ వస్తున్నదో చూడాలి. వెలుతురు కనిపించినచోట ఫీలర్ గేజీ ఆకులు దూర్చితే లోతు తెలుస్తుంది. ఈ బల్లలో ఎడమ మూల దగ్గర అంగుళంలో వెయ్యింట 6 వంతుల పల్లం తేలింది. లోహపు పనికి అది ఎక్కువే గానీ చెక్కపనికి లెక్కలోకి రాదు, ఎందుకంటే వానాకాలం తేమకు చెక్కే అంతకన్నా ఎక్కువ ఉబ్బుతుంది. బ్లేడుకు చుట్టుపక్కల ఉన్న మధ్యభాగం, బల్ల మీద ముందు నుంచి వెనక్కి ఉండే గాడుల అంచులు చదునుగా ఉంటే చాలు. రెండు పక్కల రెక్కలు బోల్టులతో బిగించినవే కాబట్టి, అవి కిందికి జారినట్టు కనిపించినా పలుచని రేకు ముక్క పెట్టి లేపవచ్చు.

అసలు ప్రాణం ఇరుసులో ఉంది. బ్లేడు తీసేసి, వెనక మోటారు నుంచి బెల్టు తప్పించి, ఇరుసును వేళ్లతో నెమ్మదిగా తిప్పాను. మంచి బేరింగు నూనెలో కదిలినట్టు తిరుగుతుంది. ఇక్కడ మాత్రం వేలికి సన్నని ఇసుక తగిలినట్టు అనిపించింది. ఇరుసును పైకీ కిందికీ ఊపితే మాత్రం కదలిక లేదు. అంటే బేరింగుల్లో గ్రీజు ఎండిపోయింది గానీ, అవి కూర్చున్న గూళ్లు అరగలేదు. ఈ తేడా చాలా ముఖ్యం. బేరింగులు మార్చుకోగలం, గూడు అరిగితే పోత భాగాన్నే మార్చాలి. తర్వాత బ్లేడు ఆనుకునే చక్రం, అంటే ఫ్లాంజి, ముఖానికి డయల్ గేజీ ముల్లు తాకించి ఇరుసును ఒక పూర్తి చుట్టు తిప్పాను. ముల్లు అంగుళంలో వెయ్యో వంతు కన్నా తక్కువే కదిలింది. ఇంత చిన్న కొలత మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రెండున్నర అంగుళాల ఫ్లాంజి అంచున ఉన్న వంకర 10 అంగుళాల బ్లేడు అంచుకు చేరేసరికి నాలుగింతలవుతుంది. ఫ్లాంజి దగ్గర కంటికి ఆనని దోషం చెక్క మీద రంపపు గీతలుగా తేలుతుంది. డయల్ గేజీ లేనివారు కనీసం బ్లేడు బిగించి, చేత్తో తిప్పుతూ ఒకే పంటిని గమనించినా పెద్ద వంకరలు పట్టుబడతాయి.

తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వెలుగులో బల్ల అడుగు చూశాను. బ్లేడును పైకి లేపడానికీ వాల్చడానికీ ఆధారమైన ట్రనియన్లు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. అర్ధచంద్రాకారంలో ఉండే ఈ పోత భాగాలే పాత కాంట్రాక్టర్ సాలలో ఎక్కువగా దెబ్బతినేవి. వెనక మోటారు వేలాడుతుండగానే యంత్రాన్ని వ్యానులో పడుకోబెట్టి తీసుకువెళితే, ఆ బరువంతా వీటి మీద పడి చీలిక వస్తుంది. పొట్టు పేరుకున్నచోట చీలిక దాగి ఉంటుంది కాబట్టి బ్రష్షుతో దులిపి చూడాలి. ఇక్కడ చీలికలు లేవు. అయితే బ్లేడును వాల్చే చేతిచక్రం సగం దూరం తిరిగి బిగుసుకుపోయింది. ఆ పెద్దాయన ఇది ఇంతే, నేనెప్పుడూ వాల్చి కోయలేదు అన్నారు. పంటిచక్రాల సందుల్లో చూస్తే, దేవదారు జిగురుతో కలిసి గట్టిపడిన పొట్టు నల్లని ముద్దలుగా ఉంది. ఆయన అనుమతితో ఒక పాత పళ్ల బ్రష్షు, సన్నని ఉలితో ఆ ముద్దలు గీకి తీశాక, చక్రం హాయిగా తిరిగి బ్లేడు 45 డిగ్రీల దాకా వాలింది. పాత సాలలో బిగుసుకున్న చక్రాలకు చాలాసార్లు కారణం ఇదే. శుభ్రం చేశాక అక్కడ గ్రీజు పూయకూడదు, పొట్టు మళ్లీ అంటుకుంటుంది. మైనం గానీ ఆరిపోయే రకం కందెన గానీ రాయాలి.

మోటారు దగ్గర ముందు చదవవలసింది దాని మీద ఉండే రేకు. దీని మీద 1.5 హార్స్ పవర్, 115/230 వోల్టులు, 60 హెర్ట్జ్, నిమిషానికి 3450 చుట్లు అని ఉంది. సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది తప్పక చూసుకోవాలి. బడుల నుంచి, ఫ్యాక్టరీల నుంచి వేలానికి వచ్చే క్యాబినెట్ సాలలో చాలావాటికి త్రీ ఫేజు మోటార్లుంటాయి. ఇంటి గ్యారేజీలో త్రీ ఫేజు రాదు కాబట్టి అవి ఆశ్చర్యపడేంత చవగ్గా పోతాయి. వీఎఫ్‌డీ అనే పరికరం పెట్టుకుంటే వాటిని సింగిల్ ఫేజు మీద నడపవచ్చు గానీ, ఆ ఖర్చునూ ధరలో కలిపి చూసుకోవాలి. నేను ఇంతకుముందు చూడబోయిన ఒక యూనిసా ప్రకటనలో ఈ సంగతి రాయలేదు; మోటారు రేకు ఫొటో పంపమని అడిగితే త్రీ ఫేజని తేలింది. అలా ఫొటో అడగడం వల్ల రెండు గంటల ప్రయాణం తప్పింది.

బెల్టు తిరిగి తగిలించి, బ్లేడు లేకుండా స్విచ్చు వేసి చూశాం. మోటారు తడబడకుండా వేగం అందుకుంది. స్విచ్చు కట్టేశాక తిరుగుతూ తిరుగుతూ ఆగే ఆ కొద్ది క్షణాలే చెవి పెట్టి వినవలసినవి, ఎందుకంటే అప్పుడు మోటారు మోత ఉండదు, బేరింగుల చప్పుడు విడిగా వినిపిస్తుంది. చిన్న గరగర, దానితో పాటు ధన్ ధన్ అని ఒక లయ వినిపించాయి. ఆ లయ బెల్టుది. ఏళ్ల తరబడి కదలకుండా ఒకే వంపులో ఉండిపోయిన బెల్టు ఆ వంపును మరచిపోదు. లంకెల బెల్టు వేయగానే అది పూర్తిగా పోయింది.

కోత వెడల్పు మారకుండా చెక్కను ఆనించి నెట్టే అడ్డుపట్టీ, అంటే ఫెన్సు, విషయంలో అదృష్టం కలిసివచ్చింది. ఆ కాలపు అసలు ఫెన్సులు ముందూ వెనకా రెండుచోట్ల పట్టుకునేవి. బిగించేటప్పుడు వెనక కొస ఒక పిసరు పక్కకు జరిగేది. ప్రతి కోతకూ టేపుతో రెండు చివరలా కొలవక తప్పేది కాదు. ముందువైపు మాత్రమే గట్టి ఉక్కు గొట్టాన్ని పట్టుకుని, టీ ఆకారంలో తనంతట తానే బ్లేడుకు సమాంతరంగా నిలిచే ఫెన్సును బీస్‌మేయర్ ప్రచారంలోకి తెచ్చాక ఈ బాధ తీరింది. నేను కొన్న యంత్రానికి అలాంటిది ఎవరో అప్పటికే అమర్చి ఉంచారు. దాన్ని బిగించి వెనక కొసను బొటనవేలితో గట్టిగా నెట్టి చూశాను, కదలలేదు. అసలు ఫెన్సే ఉన్న యంత్రమైతే, కొత్త ఫెన్సు ధర యంత్రం ధరను మించిపోవచ్చని గుర్తుంచుకుని బేరమాడాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పాత టేబుల్ సా కొనడమంటే, భద్రతలో ఒక తరం వెనకటి యంత్రాన్ని కొనడం. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 3450 చుట్లు తిరిగినా దాని అంచు గంటకు సుమారు 165 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ముందువైపు పళ్లు చెక్కను కిందికి అదిమి కోస్తాయి, వెనకవైపు పళ్లు పైకి లేస్తాయి. కోసిన పలక లోపలి ఒత్తిడి విడుదలై రెండు ముక్కలూ దగ్గరకు మూసుకున్నా, పలక కాస్త మెలితిరిగి వెనక పళ్లను తాకినా, ఆ పళ్లు పలకను లేపి మనిషి మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. పలక దెబ్బ ఒక ఎత్తు. పలకను పట్టుకున్న చేయి దానితో పాటు బ్లేడు మీదికి లాగబడడం మరో ఎత్తు. అమెరికాలో టేబుల్ సా బ్లేడు తగిలి ఏటా ముప్పై వేల మందికి పైగా వైద్యం చేయించుకుంటున్నారని, వారిలో సుమారు నాలుగు వేల మందికి వేళ్లు తెగుతున్నాయని ఇక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ అంచనా.

కిక్‌బ్యాక్‌ను ఆపేది బ్లేడు వెనక నిలిచే ఒక పలుచని ఉక్కు ఆకు. కోసిన ముక్కలు మళ్లీ దగ్గరకు రాకుండా, పలక వెనక పళ్లను తాకకుండా అది అడ్డుపడుతుంది. బ్లేడుతో పాటే లేచి దిగే ఈ ఆకును రైవింగ్ నైఫ్ అంటారు. అమెరికాలో 2008 తర్వాత కొత్తగా రూపొందించిన సాలలో ఇది తప్పనిసరి అయింది. అంతకుముందటివాటిలో బ్లేడును కప్పే గార్డుతో కలిపి స్ప్లిటర్ అనే ఇలాంటి ఆకునే ఇచ్చేవారు. అది బ్లేడుతో పాటు కదలదు, కొన్ని రకాల కోతలకు అడ్డొస్తుంది, అందుకని చాలామంది తీసి పక్కన పడేశారు. నేను అడిగితే ఆ పెద్దాయన కూడా, అది ఎప్పుడో తీశాను, ఎక్కడుందో తెలియదు బాబూ అన్నట్టు చేతులు విప్పారు. వాడిన సా మీద గార్డు, స్ప్లిటర్ రెండూ ఉండడం అరుదు. ఉంటే వాటికోసం యాభై డాలర్లు ఎక్కువ ఇచ్చినా తప్పు లేదు.

స్టీఫెన్ గాస్ కనిపెట్టిన సాస్టాప్ పద్ధతి ఇంకా ముందుకు వెళ్లింది. మనిషి చర్మం తగలగానే బ్లేడులోని విద్యుత్ సంకేతం మారడాన్ని పసిగట్టి, ఒక అల్యూమినియం దిమ్మెను పళ్లలోకి దూర్చి, సెకనులో వెయ్యింట 5 వంతుల లోపే బ్లేడును ఆపేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో, లేదా రోజూ గంటల తరబడి కోసేవారికి, సొమ్ము ఉంటే అదే కొనమని నిస్సంకోచంగా చెబుతాను. అయితే ఆ యంత్రం కూడా కిక్‌బ్యాక్‌ను ఆపదు. ఆపేది దానిలోని రైవింగ్ నైఫే.

నేను యంత్రం ఇంటికి వచ్చాక మొదటి కోత కోయకముందే స్ప్లిటర్ ఏర్పాటు చేశాను. బ్లేడు చుట్టూ ఉండే పాత అల్యూమినియం పలక స్థానంలో, అదే కొలతకు ప్లైవుడ్ పలక కోసి, దాన్ని క్లాంపులతో అదిమిపెట్టి, తిరుగుతున్న బ్లేడును కింది నుంచి మెల్లగా లేపితే, బ్లేడు మందానికి సరిపడా సందు మాత్రమే పడుతుంది. ఆ సందుకు వరుసలోనే, బ్లేడు వెనక, మైక్రోజిగ్ వారి చిన్న ప్లాస్టిక్ స్ప్లిటర్ బిగించాను. ఇది రైవింగ్ నైఫ్ అంత మంచిది కాదు. బ్లేడు దించినప్పుడు దానికీ బ్లేడుకూ మధ్య దూరం పెరుగుతుంది, వాల్చి కోసేటప్పుడు పనికిరాదు. అందువల్ల వాల్చి కోయడం ఈ యంత్రం మీద చేయకూడదని నిర్ణయించుకున్నాను. చెక్కను నెట్టడానికి రెండు తోపుడు కర్రలు ఫెన్సుకే తగిలించి ఉంచుతాను. పలక వచ్చే దారిలో నిలబడకుండా కాస్త ఎడమకు జరిగి నిలబడతాను.

బ్లేడు బల్లలోని గాడికి సమాంతరంగా ఉండడం కూడా భద్రతలో భాగమే. ఒక పంటికి గుర్తు పెట్టి, దాన్ని ముందుకు తెచ్చి గాడి నుంచి దూరం కొలిచి, అదే పంటిని వెనక్కి తిప్పి మళ్లీ కొలవాలి. వేర్వేరు పళ్లను కొలిస్తే బ్లేడు వంకర కూడా కొలతలో కలిసిపోతుంది. క్యాబినెట్ సాలో పైబల్ల బోల్టులు వదులు చేసి బల్లను జరిపితే సరిపోతుంది. కాంట్రాక్టర్ సాలో ట్రనియన్లు బల్లకే కింద బిగించి ఉంటాయి కాబట్టి, మూడు బోల్టులు వదులు చేసి, ఒకటి కొద్దిగా బిగువుగా ఉంచి, కింద దూరి చెక్క సుత్తితో వెనక ట్రనియన్‌ను పిసరంత తట్టి, మళ్లీ పైకి వచ్చి కొలవాలి. ఓపిక కావలసిన పని. రెండు చివరల తేడా అంగుళంలో వెయ్యింట 3 వంతులకు తగ్గాక ఆపాను. ఆ తర్వాతే ఫెన్సును గాడికి సరిచూసుకోవాలి.

మోసుకురావడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మోటారు, రెక్కలు, ఫెన్సు, కాళ్లు అన్నీ విడదీస్తే ఒక్కో ముక్కను ఇద్దరు మోయగలరు. పక్కవీధిలో ఉండే తమ్ముడు లాంటి కుర్రాడు సాయం వచ్చాడు. తుప్పుకు కందెన చల్లి, స్క్రబ్బరు లాంటి పీచుతో రుద్ది, పూర్తిగా తుడిచి, సిలికాన్ లేని మైనం పట్టించాను. సిలికాన్ ఉంటే అది చెక్కకు అంటి, తర్వాత పాలిష్ పట్టదు. ఇరుసు బేరింగులు రెండూ మార్చాను. గరగర పోయింది.

ఆ కుర్రాడే బోల్టులు విప్పుతూ, అన్నయ్యా, రేపు ఇండియా వెళ్లిపోతే దీన్ని పట్టుకెళ్లొచ్చా అని అడిగాడు. సామాను కంటైనర్ వేసుకునేవారు ఇదే ఆలోచిస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇనుము ఎక్కడైనా ఇనుమే, చిక్కంతా మోటారుతోనే. ఇక్కడి 60 హెర్ట్జ్ మోటారు అక్కడి 50 హెర్ట్జ్ కరెంటు మీద 3450 చుట్లకు బదులు సుమారు 2875 చుట్లే తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది కూడా. మోటారును ఇక్కడే అమ్మేసి, అక్కడ 2 హార్స్ పవర్ సింగిల్ ఫేజు మోటారు కొని, వేగం సరిపడేలా కప్పీ పరిమాణం మార్చుకోవడం సరైన పని. బ్లేడుల రంధ్రం కొలత ఇక్కడ అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, అక్కడ దొరికేవాటికి రంధ్రం పెద్దది, కాబట్టి నాలుగైదు మంచి బ్లేడులు వెంట తీసుకువెళ్లాలి, లేదా రంధ్రానికి తగిన రింగు వేయించుకోవాలి. బేరింగుల గురించి దిగులు లేదు. చిన్న మోటార్లలో తరచు కనిపించే 6203 బేరింగు న్యూజెర్సీలో కొన్నా, సికింద్రాబాదు రాణిగంజ్‌లో కొన్నా, లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లే. ట్రనియన్లకు మాత్రం అక్కడ మారు భాగాలు దొరకవు గనుక, మోటారు విప్పి, బల్లను తలకిందులుగా చెక్కపెట్టెలో కదలకుండా బిగించి పంపాలి.